జాగ్రత్త: 59 పిక్‌లే ఉన్న ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌కి నాకు 60 పేర్ల లిస్టు అమ్మారు

పోయిన వారం ఒకే మెసేజ్ నాకు మూడు వాట్సాప్ గ్రూపుల్లో వచ్చింది. ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో, అంటే అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ టీమ్‌లు ఏటా కొత్త ప్లేయర్లని వరసగా ఎంచుకునే కార్యక్రమంలో, ఏ కాలేజీ ప్లేయర్‌ని ఏ టీమ్ తీసుకుంటుందో ముందే చెప్తారట. మొత్తం 60 పిక్‌లు (ఒక్కో ఎంపికని పిక్ అంటారు), 87 శాతం అక్యురసీ, ఈ వారం కడితే డిస్కౌంట్. 2025 జూన్‌లో అచ్చంగా ఇదే మెసేజ్ చూసి నేను 129 డాలర్లు కట్టాను, మోసపోయాను. ఈసారి ఆ మెసేజ్‌ని ఫార్వార్డ్ చేస్తున్నవాళ్లు మనవాళ్లే, తెలియక చేస్తున్నారు. కట్టే ముందు దయచేసి ఇది పూర్తిగా చదవండి.

మాది డాలస్ పక్కన ఫ్రిస్కో. మా అబ్బాయికి పదిహేనేళ్లు, హైస్కూల్ టీమ్‌లో ఆడతాడు. 2015లో మన పంజాబ్ కుర్రాడు సత్నామ్ సింగ్‌ని మా డాలస్ టీమ్ మావెరిక్స్ 52వ పిక్‌తో తీసుకున్న రాత్రి నుంచి మా ఇంట్లో డ్రాఫ్ట్ చూడటం అలవాటైపోయింది. 2025 ఫిబ్రవరిలో మావెరిక్స్ తమ స్టార్ లూకా డాన్చిచ్‌ని లేకర్స్‌కి ఇచ్చేసినప్పుడు మావాడు రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. అలాంటిది మే 12న, ముందు ఎంచుకునేది ఎవరో తేల్చే లాటరీలో 1.8 శాతం మాత్రమే అవకాశం ఉన్న మావెరిక్స్‌కి ఒకటో పిక్ తగిలింది. డ్యూక్ యూనివర్సిటీలో ఆడిన కూపర్ ఫ్లాగ్ మన ఊరికే వస్తున్నాడని ఇంట్లో ఒకటే సంబరం. మేము ఎనిమిది కుటుంబాల వాళ్లం ఏటా మొదటి రౌండ్ 30 పిక్‌లు రాసుకుని పోటీ పెట్టుకుంటాం. ఆ ఊపులో మావాడు ఈ ప్యాకేజీ కొందామన్నాడు. పక్కింటి లాన్‌లు కోసి దాచుకున్న డబ్బుల్లోంచి 40 డాలర్లు తెచ్చి నా చేతిలో పెట్టాడు. మిగతాది నేను వేసి కట్టేశాను. ఆ 40 డాలర్లు తలుచుకుంటేనే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది.

ఫైల్ జూన్ 24 సాయంత్రం వచ్చింది. మర్నాడే డ్రాఫ్ట్. అట్ట మీద పెద్ద అక్షరాలతో 'ఫైనల్ ఎడిషన్, జూన్ 24' అని ఉంది. పేజీలు తిప్పుతూ ఉంటే మావాడే ముందు పట్టుకున్నాడు. "నాన్నా, ఇందులో లెండెబోర్గ్ ఎందుకున్నాడు?" అన్నాడు. అలబామా బర్మింగ్‌హామ్‌లో ఆడిన యాక్సెల్ లెండెబోర్గ్ డ్రాఫ్ట్ నుంచి తప్పుకుని మిషిగన్ యూనివర్సిటీలో చేరుతున్నట్టు మే నెలాఖరులోనే చెప్పేశాడు. కాలేజీలో కొనసాగాలనుకునేవాళ్లు పేరు వెనక్కి తీసుకోవడానికి గడువు మే 28. అంటే డ్రాఫ్ట్‌లోనే లేని కుర్రాణ్ణి మొదటి రౌండ్‌లో ఒక టీమ్ తీసుకుంటుందని మాకు అమ్మారు.

అక్కణ్ణుంచి ఒక్కొక్కటీ బయటపడింది. పదో పిక్ దగ్గర హ్యూస్టన్‌కి ఏ లోటు ఉందో, దాన్ని ఏ ప్లేయర్ తీరుస్తాడో అరపేజీ రాశారు. స్టార్ ప్లేయర్ కెవిన్ డ్యురాంట్ కోసం హ్యూస్టన్ ఆ పిక్‌ని ఫీనిక్స్‌కి ఇవ్వడానికి ఒప్పుకుంది జూన్ 22న. స్టేజి మీద హ్యూస్టన్ పేరే చదివినా, ఎవరు కావాలో తేల్చుకునేది ఫీనిక్స్. చివర చూస్తే 60 పేర్లు ఉన్నాయి. ఆ ఏడాది ఉన్నవి 59 పిక్‌లే. జేలెన్ బ్రన్సన్ అనే ప్లేయర్‌తో లీగ్ పెట్టిన గడువుకి ముందే మాట్లాడినందుకు, 2025లో న్యూయార్క్ నిక్స్‌కి రావాల్సిన రెండో రౌండ్ పిక్‌ని లీగ్ 2022లోనే కోసేసింది. ఈ ఆట మీద రోజూ పనిచేసేవాళ్లకి తెలియని సంగతి కాదది. మావాడు ఫైల్ ప్రాపర్టీస్ తెరిచి చూపించాడు. తయారైన తేదీ మే 26. నెల రోజుల కిందటి సరుక్కి కొత్త అట్ట వేశారన్నమాట. తర్వాత వెతికితే మే నెలలో ఉచితంగా దొరికిన ఒక మాక్ డ్రాఫ్ట్‌ (ఎవరు ఏ టీమ్‌కి వెళ్తారో ముందే రాసే అంచనా) లోని వాక్యాలు ఇందులో యథాతథంగా కనిపించాయి. డ్యూక్‌లో సెంటర్ పొజిషన్‌లో ఆడిన ఖమాన్ మాలువాచ్ ఇంటిపేరులో ఒక అక్షరం తప్పు పడితే, ఆ తప్పు కూడా రెండు చోట్లా ఒకేలా ఉంది.

మర్నాడు రాత్రి టీవీ ముందు కూర్చుని ఒక్కో పిక్‌కీ టిక్కు పెట్టుకుంటూ పోయాం. ఒకటి ఫ్లాగ్ డాలస్‌కి, రెండు రట్గర్స్ కుర్రాడు డిలన్ హార్పర్ శాన్ ఆంటోనియోకి. ఈ రెండూ మా అపార్ట్‌మెంట్ సెక్యూరిటీ గార్డు కూడా చెప్పగలడు. మూడు దగ్గర వీళ్లు ఏస్ బెయిలీ ఫిలడెల్ఫియాకి అని రాశారు. ఫిలడెల్ఫియా మన వేకోలోని బేలర్‌లో ఆడిన వి.జె. ఎడ్జ్‌కోంబ్‌ని తీసుకుంది, బెయిలీ ఐదో పిక్‌లో యూటాకి వెళ్లాడు. బెయిలీ ఫిలడెల్ఫియా ముందు ఆడి చూపించాల్సిన వర్కౌట్ రద్దు చేసుకున్నాడని డ్రాఫ్ట్‌కి కొన్ని రోజుల ముందే వార్తలు వచ్చాయి. మే నెల లిస్టులో ఆ వార్త ఎలా ఉంటుంది? మొత్తం 30లో టీమ్, స్థానం రెండూ కలిసినవి మూడు. న్యూజెర్సీలో ఉండే మా బావమరిది ఇదే లిస్టు నమ్మి బెయిలీ మీద 400 డాలర్లు బెట్ పెట్టాడు. అవి పోయాయి.

ఇక్కడ ఒక మాట న్యాయంగా చెప్పాలి. అంచనా తప్పినందుకు నేను కోప్పడటం లేదు. ఆ రాత్రి చైనా సెంటర్ యాంగ్ హాన్సెన్ 16వ పిక్‌తో పోర్ట్‌లాండ్‌కి వెళ్తాడని ఎవరు ఊహించారు? 2022లో డ్రాఫ్ట్ రోజు దాకా ఆబర్న్ కుర్రాడు జబారీ స్మిత్ జూనియరే ఒకటో పిక్ అని దాదాపు అందరూ అన్నారు. ఒర్లాండో చివరికి డ్యూక్ నుంచి పావ్లో బాంకెరోని తీసుకుంది, స్మిత్ మూడుకి జారాడు. 2023లో విల్లనోవా నుంచి వచ్చిన క్యామ్ విట్‌మోర్‌ని చాలామంది మొదటి పదిలో రాస్తే, ఇరవయ్యో పిక్ దాకా అతని పేరు పిలవలేదు. టీమ్‌లు చూసే మెడికల్ రిపోర్టులు మనకి కనిపించవు. ఏజెంట్లు ఏ టీమ్‌కి తమ కుర్రాణ్ణి చూపించాలో, ఏ టీమ్‌కి చూపించకూడదో లోపల్లోపలే నడిపిస్తారు. పిక్‌లు పిలుస్తుండగానే టీమ్‌లు స్థానాలు మార్చుకుంటాయి. కష్టపడి అంచనా వేసే మనుషులు ఉన్నారు, వాళ్లూ తప్పుతారు, తప్పినప్పుడు ఒప్పుకుంటారు. అలాంటివాళ్లకి డబ్బులిచ్చినా నాకు బాధ లేదు.

మరి ఈ 87 శాతం ఎక్కణ్ణుంచి వచ్చిందని మెయిల్ పెట్టాను. నాలుగు మెయిల్స్ తర్వాత జవాబు వచ్చింది. 2024లో వాళ్లు మొదటి రౌండ్‌కి రాసిన 30 పేర్లలో 26 మంది మొదటి రౌండ్‌లోనే ఎంపికయ్యారట. ఇరవై ఆరుని ముప్ఫైతో భాగిస్తే 87. ఏ టీమ్‌కి, ఎన్నో స్థానంలో అన్నది లెక్కలోనే లేదు. మూడో పిక్ అన్న కుర్రాడు ఇరవై తొమ్మిదిలో వెళ్లినా వాళ్లకి అది హిట్టే. మేము డబ్బులు కట్టింది మాత్రం టీమ్ పేరు చెప్తారని.

అసలు మోసం ఆ తర్వాత జరిగింది. డ్రాఫ్ట్ అయిన నాలుగు రోజులకి మా లాగిన్‌లో అదే ఫైల్ మళ్లీ డౌన్‌లోడ్ చేశాను, మెయిల్‌తో పాటు పంపుదామని. అట్ట అదే, జూన్ 24 అన్న తేదీ అదే. లోపల మాత్రం ఎడ్జ్‌కోంబ్ మూడుకి వచ్చేశాడు, బెయిలీ ఐదులో యూటాకి వెళ్లిపోయాడు, లెండెబోర్గ్ మాయమయ్యాడు. ఇప్పుడు వాట్సాప్‌లో తిరుగుతున్న మెసేజ్‌కి కింద 'మా 2025 రిజల్ట్ చూడండి' అని ఒక స్క్రీన్‌షాట్ ఉంది చూశారా? అది ఈ దిద్దిన పేజీయే. నా దగ్గర మొదటి ఫైల్ ఉంది కాబట్టి ఇంత ధైర్యంగా చెప్తున్నాను.

జులై మొదటి వారంలో కార్డు మీద ఇంకో 129 డాలర్లు పడ్డాయి, వచ్చే ఏడాది ప్యాకేజీ పేరుతో. క్యాన్సిల్ నొక్కితే మళ్లీ అదే పేజీకి తెచ్చి వదిలేది. కార్డు కంపెనీలో డిస్ప్యూట్ వేస్తే మూడు వారాలకి ఈ రెండోది వెనక్కి వచ్చింది. మొదటిది రాలేదు, ఫైల్ డెలివరీ అయింది కదా అన్నారు. జెల్‌తో (బ్యాంకు ఖాతా నుంచి నేరుగా డబ్బు పంపే పద్ధతి) కట్టిన మా ఫ్రెండ్‌కి ఒక్క సెంటు కూడా తిరిగి రాలేదు. అందుకే, ఎవరికైనా సరే జెల్‌లో మాత్రం కట్టకండి.

ఈసారి కూడా మెసేజ్‌లో ముందు కనిపించే పేర్లు ఎ.జె. డిబాంట్సా, డారిన్ పీటర్సన్, క్యామరన్ బూజర్. కాలేజీ బాస్కెట్‌బాల్ చూసే ఎవరినడిగినా ఈ మూడు పేర్లే చెప్తారు, వాటికి డబ్బు కట్టక్కర్లేదు. ఎవరైనా సరే లిస్టు అమ్ముతామంటే, డ్రాఫ్ట్‌కి ముందు కొన్నవాళ్ల దగ్గరున్న పాత ఫైల్ చూపించమనండి, అమ్మేవాళ్ల సైట్లో ఉన్నది కాదు. టీమ్, స్థానం రెండూ కలిసినవి ఎన్నో ఒక అంకె అడగండి. పేరు వెనక్కి తీసుకునే గడువు దాటాక, తప్పుకున్నవాళ్ల పేర్లు వాళ్ల లిస్టులో ఇంకా ఉన్నాయేమో చూడండి. ఈ చివరిది పది నిమిషాల పని, నేను ఆ పది నిమిషాలు పెట్టకుండా కార్డు నంబర్ కొట్టేశాను.

ఇప్పటికే కట్టేసినవాళ్లు ఫైల్ రాగానే కంప్యూటర్‌లో సేవ్ చేసుకుని, తేదీ కనిపించేలా ఫోటో తీసి పెట్టుకోండి. 2025లో కట్టినవాళ్లు ఈ రాత్రే కార్డు స్టేట్‌మెంట్‌లో జులై పేజీ ఒకసారి చూడండి. నా రెండు ఫైళ్లూ పక్కపక్కన పెట్టి చూడాలనుకునేవాళ్లు అడగండి, పంపిస్తాను.