కోనసీమ పల్లెలో ఫైబర్ నెట్: మూడేళ్లు పైగా వాడాక

కంపెనీ పేరు రాయడం లేదు. మా ఊళ్లో నెట్ ఎలా ఉంటుందన్నది కంపెనీ కంటే లైను చూసే కుర్రాడి మీదే ఎక్కువ ఆధారపడి ఉంది. అదే కంపెనీని పక్క మండలంలో తిట్టిపోస్తున్నారు మరి.

మా ఇల్లు మెయిన్ రోడ్డుకి దూరం. పంట కాలవ దాటి, కొబ్బరి తోటలోంచి లోపలికి రావాలి. ఇదివరకు ఫోన్ హాట్‌స్పాట్‌తోనే ఆఫీసు పని చేసుకునేవాణ్ణి. సాయంత్రం అయ్యేసరికి ఊరంతా ఫోన్లు పట్టుకునేది, మీటింగ్‌లో నా మాట సగంలో ఆగిపోయేది.

వారంలో కనెక్షన్ ఇస్తామని నెల దాటించారు. కరెంటు స్తంభాల మీదుగా ఫైబర్ రోడ్డు దాకా వచ్చింది కానీ, అక్కణ్ణుంచి మా ఇంటికి మధ్యలో ఒక్క స్తంభమూ లేదు. చివరికి పెదనాన్నగారిని అడిగి వాళ్ల తోట గట్టు మీద సరుగుడు కర్రలు పాతించాం. వైరు వాళ్లది, కర్రల ఖర్చు మాది.

బిగించే రోజు మాత్రం దగ్గరుండి చూడాల్సిందే. కుర్రాడు నల్ల తొడుగు ఒలిచి, వెంట్రుకంత గాజు పోగుని స్పిరిట్‌తో తుడిచి, కొస కత్తిరించి స్ప్లైసింగ్ మిషన్‌లో పెట్టాడు. బుల్లి స్క్రీన్ మీద రెండు కొసలూ ఎదురెదురుగా వచ్చి అతుక్కున్నాయి. తర్వాత పోగులో వెలుతురు ఎంత వస్తోందో చూసే పవర్ మీటర్ పెడితే మైనస్ 21 చూపించింది. "మైనస్ 27 దాటితే కష్టమండి" అన్నాడు. మాకొచ్చిన మైనస్ 21 మోడెం వెనకాల పెన్నుతో రాసి పెట్టుకున్నాను. మీరూ రాసుకోండి, రేపు గొడవొస్తే పనికొస్తుంది.

ప్లాన్ 499 రూపాయలు, 18 శాతం జీఎస్టీ కలిపి 589 పడుతుంది. 60 ఎంబీపీఎస్ అన్నారు, వైరుతో చూస్తే నిజంగానే వస్తోంది. మాది పాత ఇల్లు, గోడలు మందం. వెనక గదికి 5 గిగాహెర్ట్జ్ వైఫై అందదు. రూటర్ మార్చమని సలహాలిచ్చారు గానీ, హాల్లోంచి ల్యాన్ వైరు లాగితే చవకలో పోయింది.

అసలు టెన్షన్ కరెంటుతో. మోడెంకి 12 వోల్టుల మినీ యూపీఎస్ పెట్టాను, మూడు గంటలు లాగుతుంది. కానీ ఆపరేటర్ దగ్గర బ్యాటరీలు చచ్చిపోతే మన యూపీఎస్ ఏం చేస్తుంది? అప్పుడూ మోడెం మీద ఎర్ర లైటే, వైరు తెగినా ఎర్ర లైటే. అందుకని ముందు పక్కింటి పిన్నిగారికి ఫోన్ చేస్తాను. వాళ్లకీ పోతే ఆపరేటర్ సంగతి. మాకే పోతే తోటలో కొబ్బరి మట్ట పడ్డట్టు. మట్ట పడితే వైరు తెగాలనేం లేదు, మెలిక పడినా చాలు, వెలుతురు తగ్గి నెట్ వస్తూ పోతూ ఉంటుంది. దాళ్వా కోతలప్పుడు వరిగడ్డి ట్రాక్టర్లు ఎత్తుగా లోడేసుకొచ్చి రోడ్డు మీద వైరు తెంపడం మాత్రం ఏటా ఉన్నదే.

టోల్‌ఫ్రీకి ఫిర్యాదు చేయడం వల్ల లాభం లేదు. ఎవరూ రాకుండానే 'సమస్య పరిష్కరించబడింది' అని మెసేజ్ వస్తుంది. కుర్రాడికి చేస్తే చాలాసార్లు ఆ పూటే వచ్చేస్తాడు. అయితే చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ అతనొక్కడే. పెళ్లికో పేరంటానికో వెళ్లాడా, ఇక అంతే. డల్లాస్‌లో ఉన్న తమ్ముడితో వీడియో కాల్ ఆగితే నాన్నగారు నన్ను అడిగే మొదటి మాట, "ఆ అబ్బాయికి చేశావా?"

ఆరు నెలలకి ఒకేసారి కడితే నెల ఉచితం అని మెసేజ్‌లు పంపుతున్నారు. నేను మాత్రం నెలనెలా కడుతున్నాను. కుర్రాడు గల్ఫ్ వెళ్లే ప్రయత్నాల్లో ఉన్నాడు, పాస్‌పోర్ట్ కూడా వచ్చేసిందట.