ఫ్లూ సూది: డబ్బా మీద ఏడాది చూశాకే డబ్బులివ్వండి

తిరుపతి మందుల షాపుల్లో దొరికే ఫ్లూ టీకా, మందు నింపి వచ్చే సిరంజి, పెద్దలకు 0.5 మి.లీ. ఒక డోసు. మంచి మందే, ఏటా వేయించుకోదగ్గదే. కాకపోతే గడువు తేదీ ఒక్కటే చూసి కొంటే మోసపోతారు.

డబ్బా మీద ‘2025 ఎస్‌హెచ్’ అనో, ‘2025–26 ఎన్‌హెచ్’ అనో, ఇలా ఏడాది గుర్తు ఉంటుంది. ఎస్‌హెచ్ అంటే దక్షిణార్ధగోళం, ఎన్‌హెచ్ అంటే ఉత్తరార్ధగోళం. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫిబ్రవరిలో ఉత్తరార్ధగోళానికి, సెప్టెంబరులో దక్షిణార్ధగోళానికి ఏ రకాలు వాడాలో చెబుతుంది. ఎందుకీ తంటా అంటే, ఈ వైరస్ తన జన్యువులకు నకలు తీసుకునేటప్పుడు పడే తప్పులను దిద్దుకోదు. పైనుండే ముళ్ళు మెల్లగా రూపు మారతాయి. నిరుటి సూదితో పుట్టిన యాంటీబాడీలు వాటిని సరిగా ఆనవాలు పట్టవు.

కింద చిన్న అక్షరాల్లో ‘ఏ/క్రొయేషియా/10136ఆర్‌వీ/2023 (హెచ్3ఎన్2)’ లాంటి పేర్లుంటాయి. వైరస్ రకం, దొరికిన చోటు, ల్యాబ్ నంబరు, సంవత్సరం. క్రొయేషియా వైరస్‌తో మనకేం పని అనుకోవద్దు. 2009 ఏప్రిల్‌లో మెక్సికో, అమెరికాల్లో బయటపడిన హెచ్1ఎన్1 (స్వైన్ ఫ్లూ) మే నెలకల్లా హైదరాబాద్‌లో విమానం దిగింది. ఇక కొండమీద కంపార్టుమెంట్లలో దేశం నలుమూలల వాళ్ళూ గంటల తరబడి పీల్చేది ఒకే గాలి.

నాలుగు రకాల వైరస్‌లకు పనిచేసే టీకాకు ఎక్కువ పెట్టనక్కర్లేదు. ఆ నాలుగోది, బి/యమగాటా, 2020 మార్చి తర్వాత ఎక్కడా తిరుగుతున్నట్టు తేలలేదు. మూడు రకాలది చాలు.

మన వైపు వానలకు ముందే, ఏప్రిల్–మే నెలల్లో, అప్పటికి వచ్చిన కొత్త ఎస్‌హెచ్ టీకా వేయించుకోవడం మేలు. రక్షణ రావడానికి రెండు వారాలు పడుతుంది, కాబట్టి బ్రహ్మోత్సవాలకు ముందురోజు పొడిపించుకుంటే ఆ రద్దీలో అక్కరకు రాదు.

అసలు చిక్కు షాపు నుంచి ఆసుపత్రికి వెళ్ళే దారిలోనే. టీకా 2–8 డిగ్రీల మధ్య ఉండాలి. ఐస్ ముక్కల మధ్య సిరంజి పెట్టి కవరు చేతికిస్తే వద్దనండి. ఒకసారి గడ్డకడితే, కరిగాక చూపుకు బాగానే ఉన్నా పారేయాల్సిందే. టీకా వేసేచోటే ఫ్రిజ్‌లోంచి తీసి ఇచ్చేలా చూసుకోవడం అన్నిటికన్నా నయం.

లోపం ఒకటుంది. టీకా కోసం కోడిగుడ్లలో పెంచేటప్పుడు హెచ్3ఎన్2 రకం వైరస్ గుడ్డుకు అలవాటుపడి కాస్త మారిపోతుంది, అందుకే దానిమీద పట్టు తక్కువ. సూది వేయించుకున్నా జ్వరం రావచ్చు, ముదరకుండా కాపాడే అవకాశం మాత్రం ఎక్కువ.

ఆరు నెలలు దాటి తొమ్మిదేళ్ళు నిండని పిల్లలకు తొలి ఏడాది రెండు డోసులు కావాలి, మధ్య కనీసం నాలుగు వారాల ఎడం. రెండో తేదీని అప్పుడే కార్డు మీద రాయించుకోండి.