ప్రభుత్వ నిధులతో వచ్చిన కంప్యూటర్ ల్యాబ్: ఏళ్ల తరబడి వాడాక

మా బడిలో కంప్యూటర్ ల్యాబ్ మొత్తం ప్రభుత్వ నిధులతో వచ్చిందే. పెట్టెలు విప్పిన రోజు నుంచీ దాన్ని చూసుకునే పని నాదే. ఇలాంటి పథకానికి దరఖాస్తు పెట్టబోతున్న టీచర్లకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

యంత్రాలు నాసిరకం కావు. మదర్‌బోర్డులు, మానిటర్లు చాలావరకు ఇప్పటికీ బాగానే ఉన్నాయి. మౌసులు, కీబోర్డులు ఎలాగూ పోతాయి, వాటి మీద ఫిర్యాదు లేదు. ఇంట్లో కంప్యూటర్ లేని పిల్లలు ఇక్కడే టైపింగ్ నేర్చుకున్నారు, స్ప్రెడ్‌షీట్‌లో తమ మార్కులకు తామే సగటు కట్టుకున్నారు. ఆ నిధులు రాకపోతే ఇవేవీ జరిగేవి కావు.

వచ్చిన చిక్కల్లా డబ్బంతా కొనడానికే ఇచ్చారు, నడపడానికి పైసా ఇవ్వలేదు. వారంటీ ఉన్నన్నాళ్లూ ఫోన్ చేస్తే ఆలస్యంగానైనా మెకానిక్ వచ్చేవాడు. అది అయిపోయాక ఒక్కొక్కటీ మూలపడటం మొదలైంది. ముందు పోయినవి యూపీఎస్ బ్యాటరీలు. లెడ్ యాసిడ్ బ్యాటరీలు మామూలుగా 3 నుంచి 5 ఏళ్లు వస్తాయి, గది వేడెక్కితే అంత కూడా రావు. అవి పోయాక కరెంటు పోయిన ప్రతిసారీ అన్ని కంప్యూటర్లూ ఒక్కసారిగా ఆగిపోయేవి. ఆ దెబ్బకు హార్డ్ డిస్కులు పాడయ్యాయి. బ్యాటరీలు కొనడానికి పద్దు లేదన్నవాళ్లే పాడైన డిస్కుల లెక్క మాత్రం నా చేత పక్కాగా రాయించుకున్నారు!

మదర్‌బోర్డు మీద సీఆర్ 2032 అనే బటన్ సెల్ ఒకటి ఉంటుంది. అది అయిపోతే కంప్యూటర్ ఆపి పెట్టినప్పుడల్లా తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి పోతుంది. తేదీ తప్పైతే భద్రతా సర్టిఫికెట్లు చెల్లవంటూ బ్రౌజర్ ఏ సైటూ తెరవదు. పిల్లలేమో ఇంటర్నెట్ పోయిందంటారు. చిల్లర ఖర్చే, కానీ ప్రభుత్వ ఆస్తిని అనుమతి లేకుండా విప్పకూడదన్నారు. అనుమతి వచ్చేసరికి టర్మ్ అయిపోయింది.

ఒక వరుసలో ఒకే సీపీయూకి నాలుగైదు మానిటర్లు కలిపి ఇచ్చారు. కాగితం మీద పొదుపే. అది మొరాయించిన రోజు ఆ వరుస మొత్తం ఖాళీ. ఎవరైనా ఈ పద్ధతి అంటగడితే నేనైతే వద్దంటాను.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ ఆపేసింది. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్‌తో పాటు కొత్త తరం ప్రాసెసర్ కావాలి, మావి పాతవి. వాటిలో హార్డ్ డిస్కుల బదులు వేగంగా పనిచేసే ఎస్ఎస్‌డీలు వేయించి, విండోస్ స్థానంలో ఉచితంగా దొరికే లైనక్స్ ఎక్కించాం. ఇన్నేళ్లలో మేం చేసినవాటిలో ఇదే బాగా కలిసొచ్చింది. ఇదివరకు ఆన్ కావడానికే సగం పీరియడ్ తినేసిన యంత్రాలు ఇప్పుడు హాజరు తీసుకునేలోపు సిద్ధంగా ఉంటున్నాయి.

పరికరాలు ఇస్తే చదువు దానంతటదే వస్తుందనుకునే అధికారులు పెరూ సంగతి చూడాలి. అక్కడ పిల్లలకు పెద్దఎత్తున ల్యాప్‌టాప్‌లు పంచారు. లెక్కల్లో, భాషలో మార్కులు పెరిగిన ఆధారం ఏదీ కనబడలేదని 2012లో ఒక అధ్యయనం తేల్చింది. మా దగ్గరా టీచర్లకు ఇచ్చిన శిక్షణ ఆన్, ఆఫ్ చేయడం దాటలేదు. పాఠంలో కంప్యూటర్‌ను ఎలా కలపాలో మాకు మేమే తంటాలు పడి నేర్చుకున్నాం.

ఈమధ్య మళ్లీ దరఖాస్తు ఫారం వచ్చింది. ఎన్ని కంప్యూటర్లు కావాలో రాయడానికి గడి ఉంది, నిర్వహణకు లేదు. అందుకే అడగగలిగిన సంఖ్యలో సగమే రాసి, మిగతా సొమ్ముకు బ్యాటరీలు, ఐదేళ్ల నిర్వహణ ఒప్పందం కావాలని విడిగా లేఖ జతచేశాం. మీరూ అలాగే అడగండి. పనికిరాని యంత్రాలను కండెమ్ చేసే, అంటే రిజిస్టర్‌లోంచి తీసేసే అధికారం ఎవరిదో కూడా ముందే రాతపూర్వకంగా తీసుకోండి. మా ల్యాబ్‌లో మూడో వంతు జాగా చచ్చిన యూపీఎస్‌లదే. రిజిస్టర్‌లో అవి ఉన్నంతకాలం బయట పడేయడానికి లేదు, కొత్తవి వస్తే పెట్టడానికి చోటూ లేదు.