జనరేటర్‌కు ఐదు కిలోల గొలుసు: కొన్నేళ్లు వాడాక నా అభిప్రాయం

నేను రాస్తున్నది 14 మిల్లీమీటర్ల మాంగనీస్ స్టీలు గొలుసు గురించి, దానితో వచ్చిన తాళం గురించి. బైకులకు, స్కూటర్లకు వేసుకోమని అమ్మే రకం ఇది. అరిజోనాలో ట్రావెల్ ట్రైలర్ (పికప్ ట్రక్కు వెనక లాక్కెళ్లే చక్రాల ఇల్లు) తీసుకుని తిరుగుతూ, మా హోండా ఈయూ2200ఐ జనరేటర్‌కు కాపలాగా కొన్నేళ్లుగా దీన్నే వాడుతున్నాం. కొనమంటారా అని అడిగితే, తప్పకుండా కొనమంటాను. అయితే ఇది ఎంతవరకు కాపాడుతుందో తెలుసుకుని కొనండి.

ఇలాంటి చక్రాల ఇళ్లతో చేసే ఆర్వీ క్యాంపింగ్‌లో దొంగకు జనరేటర్‌కంటే సులువైన వస్తువు దొరకదు. ఈ జనరేటర్ ఖాళీగా సుమారు 21 కిలోలు. ట్యాంకులో పట్టే 3.6 లీటర్ల పెట్రోలు నింపినా సుమారు 24 కిలోలే. ఒక్క మనిషి హ్యాండిల్ పట్టుకుని ఎత్తి పికప్‌లో పెట్టుకుపోవచ్చు. కొత్తది వెయ్యి డాలర్లకు పైనే, వాడినదానికీ మంచి ధర పలుకుతుంది. పైగా నడిచినంతసేపూ అది ఎక్కడుందో దాని శబ్దమే చుట్టుపక్కలవాళ్లకు చెబుతుంది.

ప్లాస్టిక్ తొడుగున్న స్టీలు కేబుల్ చాలదా అని చాలామంది అడుగుతారు. చాలదు. మా బావగారి దగ్గర అలాంటి పాత కేబుల్ ఉంటే ఇంటి దగ్గరే చిన్న చేతి కట్టర్‌తో పరీక్షించాం. నాలుగు నొక్కులు నొక్కేసరికి తెగింది, పక్కగదిలోకి కూడా శబ్దం వినపడలేదు. హార్డ్‌వేర్ షాపులో అడుగుల లెక్కన కోసి ఇచ్చే మామూలు గొలుసు కూడా బోల్ట్ కట్టర్‌కు ఆగదు, అది మెత్తటి స్టీలు. గట్టిపరిచిన 14 మిల్లీమీటర్ల లింకుతో చేత్తో నొక్కే కట్టర్లకు పని కాదు. బ్యాటరీ యాంగిల్ గ్రైండర్ ఉంటే మాత్రం దీన్నీ కోయవచ్చు. కానీ ఆ రొద, ఆ నిప్పురవ్వలు దాచడం ఎవరి వల్లా కాదు. రాత్రి నిశ్శబ్దంలో గ్రైండర్ మోగితే క్యాంప్‌గ్రౌండ్ మొత్తం లేస్తుంది. నేను డబ్బు పెట్టింది దానికే.

గొలుసు గట్టిదైతే దొంగ దాన్ని ముట్టుకోడు, దానికంటే మెత్తనిదేదో వెతుకుతాడు. ఈ జనరేటర్‌లో ఆ మెత్తనిది హ్యాండిల్. అది ప్లాస్టిక్ బాడీలో భాగమే, చేతి రంపంతో కోసేస్తే గొలుసు అలాగే ఉంటుంది, జనరేటర్ వెళ్లిపోతుంది. అందుకే హ్యాండిల్ చుట్టూ బిగించే స్టీలు తొడుగు విడిగా కొని వేశాను. అది లేకపోతే ఈ గొలుసుకు పెట్టిన డబ్బులో సగం వృథా అని నా ఉద్దేశం.

రెండో చివర దేనికి కడతామన్నదీ అంతే ముఖ్యం. ట్రైలర్ వెనక బంపర్ పలుచని రేకు పెట్టె. గ్యాస్ సిలిండర్ల స్టాండ్ నట్లు విప్పితే ఊడిపోతుంది. క్యాంప్‌సైట్‌లోని చెక్క బల్లదీ అదే సంగతి. నేలలోకి స్క్రూలా తిప్పి దించే, కుక్కలను కట్టే మేకులు, దించినట్టే తిప్పి పైకి లాగేయొచ్చు. మేము ట్రైలర్ ముందు ఏ-ఫ్రేమ్ (ట్రైలర్‌ను పికప్‌కు తగిలించే ముక్కోణపు చట్రం) స్టీలు చుట్టూ తిప్పి తాళం వేస్తాం. తాళం నేలకు ఆనకుండా, గొలుసు వదులు లేకుండా చూస్తాం. నేల మీద ఉంటే దాన్ని ఆనించి కోయడమో సుత్తితో కొట్టడమో తేలిక.

ఇక్కడే అసలు చిక్కుంది, దీని గురించి ఎవరూ గట్టిగా చెప్పరు. జనరేటర్ పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. మనుషులుండే చోటికి కనీసం 20 అడుగుల దూరంలో నడపమని అమెరికా వినియోగ వస్తువుల భద్రతా కమిషన్ చెబుతుంది. గొలుసు పొడవు చూస్తే మీటరు. ట్రైలర్‌కు కట్టి ఉంచి స్టార్ట్ చేస్తే, పొగ కిటికీల పక్కనే. దొంగ భయంతో జనరేటర్‌ను ట్రైలర్‌కు కట్టి నడిపేవాళ్లను ప్రతి శీతాకాలం చూస్తూనే ఉంటాను, చూసినప్పుడల్లా వెళ్లి చెబుతాను. కొత్త మోడళ్లలో ఆ గ్యాస్‌ను పసిగట్టి ఇంజిన్ ఆపే ఏర్పాటుంది. అది ఉందని దూరం తగ్గించకండి.

ఎడారిలో మాకు కుదిరిన పద్ధతి చెబుతాను. అరిజోనాలోని క్వార్ట్‌జ్‌సైట్ దగ్గర బీఎల్ఎమ్ (అమెరికా ప్రభుత్వ భూముల శాఖ) వాళ్ల లాంగ్ టర్మ్ విజిటర్ ఏరియాలో చెట్టూ ఉండదు, బల్లా ఉండదు. సెప్టెంబర్ 15 నుంచి ఏప్రిల్ 15 దాకా 180 డాలర్ల పర్మిట్‌తో ఉండనిచ్చే చోటు అది. అక్కడ పికప్‌ను ట్రైలర్‌కు బాగా దూరంగా, గాలి వాలు చూసి ఆపుతాం. జనరేటర్‌ను పికప్ వెనక హిచ్ (ట్రైలర్‌ను తగిలించే కొక్కెం) అడ్డగొట్టానికి కట్టి, పొగ బయటికి పోయేలా తిప్పి నడుపుతాం. లావుపాటి 30 ఆంప్ కేబుల్ ట్రైలర్ దాకా వస్తుంది. హిచ్‌లో ట్రైలర్ కూర్చునే బాల్ ఉండే ముక్కకు కట్టకండి, పిన్ను లాగితే అది చేతిలోకి వచ్చేస్తుంది. రైస్ కుక్కర్, చట్నీకి మిక్సీ, బ్యాటరీల చార్జింగ్ అన్నీ అది నడిచే గంటా రెండు గంటల్లోనే కానిచ్చేస్తాం. ఇంజిన్ చల్లారాక తెచ్చి ఏ-ఫ్రేమ్‌కు కడతాం.

యోసెమిటీ లాంటి నేషనల్ పార్కుల్లో లెక్క వేరు. యోసెమిటీలో జనరేటర్ ఉదయం 7 నుంచి 9, మధ్యాహ్నం 12 నుంచి 2, సాయంత్రం 5 నుంచి 7 మాత్రమే నడపాలి. మిగతా టైమంతా అది ఊరికే కూర్చునే ఉంటుంది. నాకు టెన్షన్ రాత్రిళ్లు కాదు, పగలే. రాత్రి మనం పక్కనే ఉంటాం. పగలు అందరం ట్రైల్ మీద ఉంటాం, అప్పుడు ఏదో మోటారు చప్పుడైతే పక్క సైట్‌వాళ్లు తల కూడా తిప్పరు. అందుకే పగలు బయటికెళ్తే గొలుసును నమ్ముకోను. పెట్రోలు ట్యాంకు మూత మీది గాలి మీట మూసి, నిటారుగా నిలబెట్టి, పికప్ వెనక తొట్టెలో మాతోనే తీసుకెళ్తాం. పెట్రోలున్న జనరేటర్‌ను ట్రైలర్ లోపల పెట్టడం మాత్రం ఎప్పుడూ చేయం. ఆ ఆవిరికి నిప్పు అంటుకుంటే ట్రైలర్ మిగలదు.

గొలుసులో లోపాలూ ఉన్నాయి. దాదాపు 5 కిలోల బరువు, మా ఆవిడకు ఒక చేత్తో పట్టి తాళం వేయడం కష్టం. ఎడారి దుమ్ము తాళం రంధ్రంలో చేరి తాళంచెవి మొరాయిస్తుంది, నూనె వేస్తే దుమ్ము ఇంకా అతుక్కుంటుంది, గ్రాఫైట్ పొడి వేశాక బాగుంది. రెండో వేసవికే గుడ్డ తొడుగు ఎండకు చివికి చిరిగింది, సైకిల్ ట్యూబు కోసి తొడిగాను. లింకులు మాత్రం నేటికీ చెక్కుచెదరలేదు.

జనరేటర్ లోపల ఒక ఎయిర్‌ట్యాగ్ (వస్తువు ఎక్కడుందో ఫోన్‌లో చూపే యాపిల్ బిళ్ల) కూడా పెట్టాను, సైలెన్సర్‌కు దూరంగా. అది 60 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడికి చేసింది కాదు. దాని బటన్ బ్యాటరీ సుమారు ఏడాది వస్తుంది. కానీ చుట్టూ యాపిల్ ఫోన్లు తిరుగుతుంటేనే అది ఎక్కడుందో తెలుస్తుంది. సిగ్నల్ లేని ఎడారిలో అది చెప్పే సమాచారం దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టే. తమతో ఒక ఎయిర్‌ట్యాగ్ ప్రయాణిస్తోందని దొంగ ఫోన్‌కూ హెచ్చరిక వెళ్తుంది. ఊళ్లోని క్యాంప్‌గ్రౌండ్లలో పనికొస్తుంది, అంతవరకే. అది చూపించిన చోటికి మీరు సొంతంగా వెళ్లకండి, పోలీసులకు చెప్పండి.

పోలీసులకు చెప్పాలంటే సీరియల్ నంబర్ కావాలి. దొంగ సొత్తు జాబితాలో ఎక్కించేది ఆ నంబర్‌తోనే. ఇవాళే జనరేటర్ దగ్గరికెళ్లి ఆ నంబర్‌ను, కొన్న రసీదును ఫోటో తీసి ఫోన్‌లోనే కాకుండా ఇంకోచోట కూడా దాచుకోండి. అలాగే మీ ఇన్సూరెన్స్ కాగితం తీసి డిడక్టిబుల్ (నష్టంలో ముందుగా మనమే భరించాల్సిన మొత్తం) ఎంతో చూడండి. అది వెయ్యి డాలర్లయితే, జనరేటర్ పోయినా చేతికొచ్చేది దాదాపు ఏమీ ఉండదు. గొలుసు, తాళం, హ్యాండిల్ తొడుగు మూడూ కలిపినా నాకు అందులో మూడో వంతు కూడా కాలేదు.