శ్రీశైలం ఎడమ గట్టు, కుడి గట్టు: కరెంటు కేంద్రం ఎక్కడుంటే భద్రం?

డ్యామ్ ఒకటే, కరెంటు కేంద్రాలు రెండు. మన నాగర్‌కర్నూల్ వైపు ఎడమ గట్టు కేంద్రం భూగర్భంలో ఉంది, 150 మెగావాట్ల యూనిట్లు 6. అవతల ఆంధ్రా వైపు కుడి గట్టు కేంద్రం నేలపైనే ఉంది, 110 మెగావాట్లవి 7.

దాడుల భయం ఒక్కటే చూస్తే భూగర్భమే మేలు. పైన కొండ అడ్డం, సొరంగం దగ్గర గట్టి కాపలా చాలు.

కానీ 2020 ఆగస్టు 20 రాత్రి ఎడమ గట్టులో మంటలు లేచి 9 మంది చనిపోయారు. లోపల పొగ తొందరగా బయటికి పోదు. కరెంటు పోతే ఫ్యాన్లు ఆగుతాయి, చీకట్లో దారి కనబడదు. పైగా తేడా వచ్చినప్పుడు యూనిట్‌ను ఆపే రిలేలు బ్యాటరీల మీదే నడుస్తాయి. ఆ సరఫరా పోతే రిలేలు పనిచేయవు, యంత్రం తనంతట తాను ఆగకపోవచ్చు.

కుడి గట్టుకు ముప్పు వరదతో. 2009 అక్టోబరులో నీళ్లు లోపలికి వచ్చేశాయి. అయితే వరద ఎగువ నుంచి వస్తున్నట్టు ముందే తెలుస్తుంది, సిబ్బందిని పంపించేయొచ్చు.

నన్నడిగితే మనుషుల ప్రాణాలకు నేలపైనున్నదే నయం. ఎడమ గట్టును పైకి తేలేం కాబట్టి వేరే గదిలో రెండో బ్యాటరీ సెట్టు, పొగ చొరబడని ఇంకో దారి, షిఫ్టులో ప్రతి ఒక్కరికీ ఆక్సిజన్ మాస్కు ఉండి తీరాలి.