తాగని మనిషికీ 85 డాలర్లు: నాపా నుంచి లోడై దాకా

మద్యం ముట్టని, మంచినీళ్లే తాగిన మా మామగారి పేరున కాలిఫోర్నియాలోని నాపాలో ఒక వైనరీ, అంటే వైన్ తయారుచేసి రుచి చూపించే చోటు, 85 డాలర్లు వసూలు చేసింది. ఇది రాయడానికి సగం కారణం అదే. మిగతా సగం, అదే రాష్ట్రంలో ఉన్న మరో ద్రాక్షతోటల ఊరు లోడై.

ఆగస్టు చివర్లో వెళ్లాం. నాపాలో మొదటి రోజు హాయిగా గడిచింది. హోటలుకు రాత్రికి 418 డాలర్లు. పక్క మెత్తగా ఉంది, అంతకు మించి చెప్పేదేమీ లేదు. మరునాడు ఉదయం సెయింట్ హెలీనా దాటాక ఉన్న వైనరీకి చేరుకున్నాం. బుకింగులో ఎంతమంది వస్తారని అడిగితే ముగ్గురమని రాశాం. తీరా కూర్చున్నాక తెలిసింది, రుసుము వైనుకు కాదు, కుర్చీకట! "నాన్నగారు మద్యం తాగరండీ" అని మా ఆవిడ ఎంత చెప్పినా నిబంధన నిబంధనే అన్నారు, అదీ చిరునవ్వు చెదరకుండా. ముగ్గురికి 255, దాని మీద 20 శాతం సేవా రుసుము 51, వెరసి 306 డాలర్లు. పోసింది నాలుగు రకాలు, ఒక్కోటి 30 మిల్లీలీటర్లకు మించదు. మామగారి నీళ్లు మాత్రం గ్లాసు నిండా పోశారు. మూడో రకం రాకముందే సభ్యత్వం అంటగట్టే మాటలు మొదలయ్యాయి: ఏడాదికి రెండుసార్లు ఆరేసి సీసాలు, సీసా 145.

వైన్‌ను మాత్రం తప్పుపట్టను. అది కాబెర్నే సావిన్యాన్ అనే నల్లద్రాక్షతో చేసింది. దాని పండు చిన్నది, తొక్క మందం. అందుకే అంత వగరు, అంత ముదురు రంగు. మింగాక కూడా రుచి చాలాసేపు వదల్లేదు. 1976లో పారిస్‌లో సీసాల పేర్లు దాచి పెట్టిన పోటీలో ఫ్రెంచి నిర్ణేతలే నాపాకు చెందిన స్టాగ్స్ లీప్ వారి 1973 కాబెర్నేకు మొదటి స్థానం ఇచ్చారు. గర్వపడండి, ఎవరు వద్దన్నారు? నీళ్లు తాగిన పెద్దమనిషి దగ్గర డబ్బు గుంజడం దేనికి?

లోడై దారిలో కారులో చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఫెయిర్‌ఫీల్డ్ దాటాక మామగారు, "ఆ డబ్బుతో తోటకు రెండు ట్రాక్టర్ల పశువుల ఎరువు వచ్చేది" అన్నారు. ఆయనకు ఒకప్పుడు మేడ్చల్ దగ్గర అనాబ్-ఎ-షాహి ద్రాక్షతోట ఉండేది. పన్నెండో నంబరు రహదారిలో ఓడ కోసం రియో విస్టా వంతెన పైకి లేచి దారి ఆపేసింది. దాన్ని చూడటానికి కారు దిగిన మనిషి ముఖంలో అప్పటికి నవ్వు కనబడింది.

లోడైలో మేము వెళ్లింది ఊరి బయట రేకుల షెడ్డు. రుచి చూసేవారికే రుసుము, తలకు 15. సీసా కొంటే అదీ లేదు. మామగారికి ద్రాక్షరసం ఇచ్చి డబ్బు అడగలేదు. వైన్ పోస్తున్న పెద్దాయనదే తోట. "పందిరి లేకుండా ఇవి ఎలా నిలబడ్డాయో అడుగమ్మా" అని మామగారు కూతురిని తొందర పెట్టారు. ఆ పెద్దాయన మమ్మల్ని నేరుగా తోటలోకే తీసుకువెళ్లాడు. తొడంత లావు మొద్దులు, దేనికదే పొదలా నిలబడి ఉన్నాయి. మొకలమీ నది ఒడ్డు ఇసుక నేలల్లో వేళ్లను తినే ఫైలాక్సెరా పురుగు బతకలేదు కనుక నూరేళ్లు దాటిన జిన్‌ఫాండెల్ రకం ద్రాక్ష మొక్కలు అక్కడ ఇంకా కాపు కాస్తున్నాయి. ఒకే గుత్తిలో పచ్చి కాయ, పండు, ఎండి కిస్మిస్ అయినది పక్కపక్కనే ఉన్నాయి. "అయితే చక్కెర ఎక్కువ పడుతుంది" అన్నారు మామగారు. నిజమే, ఆ చక్కెరే పులిసి ఆల్కహాలు అవుతుంది కనుక ఈ రకం వైన్‌లో అది 15 శాతం దాటడం మామూలే. ఇద్దరు రైతులూ మా సంగతి మరిచిపోయారు.

జిన్‌ఫాండెల్‌లో మిరియాల ఘాటు, బాగా మాగిన పండు తీపి ఉన్నాయి. అయినా నా ఓటు పెటీట్ సిరా అనే మరో నల్లద్రాక్ష వైన్‌కే. నేరేడుపళ్లు తిన్నట్టు నాలుక నల్లబడింది, ఉత్తగా తాగితే వగరుకు నోరు పట్టేసింది. నాపాలో విప్పనివ్వని డబ్బాను ఇక్కడ చెట్టు కింద బల్ల మీద విప్పాం: మిరియాలు దట్టించిన మటన్ వేపుడు. ఒక ముక్క నమిలి ఒక గుక్క తాగితే వగరు మెత్తబడి లోపలి పండు బయటపడింది. మాంసం, కొవ్వు చేసే పని అది. పచ్చిమిరపకాయల కూరలు మాత్రం దీనితో వద్దు. ఆల్కహాలు కారాన్ని ఇంకా మండిస్తుంది.

పెటీట్ సిరా రెండు, 28 చొప్పున. జిన్‌ఫాండెల్ ఒకటి, 32. మొత్తం 88, పన్ను వేరు. రాత్రి మోటలుకు 142. దిండ్లు పలచన, రైలు కూత దగ్గర. మామగారు తొమ్మిదింటికే నిద్రపోయారు.

లోడైకి శుక్రవారమో శనివారమో వెళ్లండి, వారం మొదట్లో చిన్న వైనరీలు చాలావరకు మూసి ఉంటాయి. కారు నడిపేవారు, రుచి చూసిన వైన్ మింగకుండా ఉమ్మేందుకు పెట్టే బకెట్టు సిగ్గుపడకుండా వాడండి, మా ఆవిడ రెండు చోట్లా వాడింది. ఎండలో కారులో సీసాలు వదిలితే వైన్ పాడవుతుంది, థర్మాకోల్ పెట్టె తీసుకువెళ్లండి. నాపాకే వెళ్తామంటే, తాగనివారికి రుసుము ఉందో లేదో ముందే ఈమెయిల్‌లో అడిగి, ఆ జవాబును ఫోనులో దాచుకోండి.