కెల్పీ–గ్రేహౌండ్ లర్చర్: సగం సగమా, ముప్పాతిక గ్రేహౌండా?

బ్రిటన్‌లో వేటకుక్కల ప్రకటనల్లో ‘కెల్పీ లర్చర్’ పేరుతో పిల్లలు అమ్మకానికి కనిపిస్తుంటాయి. లర్చర్ అనేది ప్రత్యేకమైన జాతి కాదు. గ్రేహౌండ్, విప్పెట్, సలూకీ లాంటి కంటిచూపుతో తరిమే కుక్కకు పనిలో తేలిన మరో జాతిని కలిపి తీసే వేటకుక్కను అలా పిలుస్తారు. అక్కడివాళ్లు ఆ రెండో రక్తం కోసం ఎక్కువగా కోలీలనో బెడ్లింగ్టన్ టెర్రియర్లనో నమ్ముకున్నారు. ఆ స్థానంలో ఆస్ట్రేలియా గొర్రెల కుక్క కెల్పీని పెడితే వచ్చే సరుకు ఎలా ఉంటుందన్నదే ఈ రివ్యూ.

తీర్పు ముందే చెప్పేస్తాం. ఫెర్రెట్లతో (బొరియల్లో దూరి కుందేళ్లను బయటికి తరిమే ముంగిసలాంటి పెంపుడు జంతువులు) చేసే పనికి సగం–సగం క్రాస్‌కు 5లో 4 ఇవ్వొచ్చు. రాత్రి లైటు వేసి కుందేళ్లను పట్టే పనికి 2 దాటవు. ఆ సగం–సగం ఆడకుక్కను మళ్లీ గ్రేహౌండ్‌కు కట్టిస్తే వచ్చే ముప్పాతిక గ్రేహౌండ్ పిల్లే డబ్బు పెట్టి కొనదగ్గది. అయితే రెండింటి జాతకమూ ఒకే విషయం మీద ఆధారపడి ఉంటుంది: ఆ కెల్పీ తండ్రి నోరున్న, అంటే పనిలో మొరిగే, కుక్కా కాదా అన్నదాని మీద.

కెల్పీ మూలం స్కాట్లాండ్ నుంచి ఆస్ట్రేలియాకు తెచ్చిన కోలీలే. విక్టోరియాలో కాస్టర్టన్ దగ్గరి వారక్ స్టేషన్‌లో (పెద్ద గొర్రెల పెంపక క్షేత్రం) పుట్టిన ఒక ఆడపిల్లను జాక్ గ్లీసన్ అనే కాపరి సంపాదించి కెల్పీ అని పేరు పెట్టుకున్నాడు. దాని కూతురు 1879లో ఫోర్బ్స్ అనే ఊళ్లో జరిగిన గొర్రెల కుక్కల పోటీలో పేరు తెచ్చుకోవడంతో ఆ పేరే జాతికి స్థిరపడింది. అంటే ఈ క్రాస్ పాత కోలీ–గ్రేహౌండ్‌కు దగ్గరి చుట్టమే. తేడా రెండు చోట్ల కనిపిస్తుంది. బోర్డర్ కోలీ గొర్రెను చూడగానే నేలకు కరుచుకుని కళ్లతో కట్టిపడేస్తుంది. ఆ గుణం లర్చర్‌కు దిగితే కుందేలును చూసి తరమాల్సిన కుక్క నిలబడి చూస్తుంది. కెల్పీలో ఆ చూపు తక్కువ, ముందుకు తోసే గుణం ఎక్కువ. రెండోది బొచ్చు. కెల్పీది పొట్టిగా, ఒత్తుగా ఉండే రెండు పొరల బొచ్చు. దానికి వాన నీరు అంత తేలిగ్గా దిగదు, ముళ్లకాయలు అంటుకోవు. గ్రేహౌండ్ పలుచటి చర్మం ముళ్లకంచె తగిలితే చిరిగిపోతుంది కాబట్టి ఈ లాభం చిన్నదేమీ కాదు.

ఇక నోరు సంగతి. ఆస్ట్రేలియాలో పనిచేసే కెల్పీలను స్థూలంగా దొడ్డి కుక్కలు, బయలు కుక్కలు, రెండు పనులూ చేసేవి అని విడదీస్తారు. దొడ్డి కుక్కకు మొరగడం పనిలో భాగం. ఇరుకు దొడ్లలో కదలని గొర్రెల వీపులెక్కి పరుగెత్తుతూ, అరుస్తూ ముందుకు నెడుతుంది. బయలు కుక్క దూరంగా చుట్టివచ్చి నిశ్శబ్దంగా మందను చేరుస్తుంది. లర్చర్ మాత్రం నోరు విప్పకుండా పరుగెత్తాలి. పరుగులో మొరిగే కుక్క తన ఊపిరి పాడుచేసుకోవడమే కాక, పొలంలో మిగిలిన కుందేళ్లన్నింటినీ బొరియల్లోకి పంపేస్తుంది. ఈ తప్పు ఒకసారి అలవాటైతే శిక్షణతో మాన్పించడం దాదాపు అసాధ్యం. అందుకే తండ్రి దొడ్డి వంశానిదైతే ఎంత పేరున్న కుక్కైనా ఆ ఈతను వదిలేయండి. ఆస్ట్రేలియా వేలాల్లో దొడ్డి పనికి మంచి ధర పలికిన వంశం అన్న మాట లర్చర్ కొనేవాడికి గొప్ప కాదు, హెచ్చరిక.

కొలతలు చూద్దాం. గ్రేహౌండ్ తల్లి భుజం దగ్గర 68–71 సెంటీమీటర్లు, కెల్పీ తండ్రి 46–51 ఉంటే, సగం–సగం పిల్లలు సాధారణంగా 56–61 మధ్య తేలతాయి, బరువు 20 కిలోలు దాటి కాస్త పైన. ముప్పాతిక పిల్లలు 61–66 దాకా పెరుగుతాయి. ఒకే ఈతలో చెవులు నిక్కినవీ మడిచినవీ రెండూ వస్తాయి. పనికి దాంతో సంబంధం లేదు.

పొలంలో సగం–సగం కుక్క బలం ముక్కు, బుర్ర. బొరియలో కుందేలుందో లేదో వాసన పట్టి, ఉంటే కదలకుండా నిలబడి చూపిస్తుంది. అప్పుడు వలలు పరిచి ఫెర్రెట్‌ను లోపలికి వదులుతారు. కెల్పీ రక్తం ఈ పని త్వరగా నేర్చుకుంటుంది. చెడగొట్టేది మనిషే: కుక్క ఏ బొరియ దగ్గర ఆగినా మెచ్చుకుంటే ఖాళీ బొరియల దగ్గర కూడా ఆగడం మొదలుపెడుతుంది. కుందేలు బయటపడ్డ బొరియకే మెప్పు దక్కాలి. పంజాతో తవ్వుతుంటే వెంటనే వెనక్కి పిలవాలి, లేకపోతే పరిచిన వల కాస్తా లాగేస్తుంది.

రాత్రి లైటు పనిలో బలహీనత బయటపడుతుంది. బొరియకో కంచెకో యాభై అరవై మీటర్ల దూరంలో ఉన్న కుందేలును అందుకోవాలంటే మొదటి అంగల్లోనే వేగం కావాలి. సగం–సగం కుక్కకు దమ్ము ఉంటుంది, ఆ వేగం ఉండదు. పైగా తెలివి ఎక్కువ కాబట్టి, కొంత అనుభవం వచ్చాక కుందేలు వెంట పడటం మానేసి అది వెళ్లబోయే కంచె వైపు అడ్డదారి పడుతుంది. కొందరు దీన్ని తెలివితేటలని మురిసిపోతారు. వేటగాడి లెక్కలో అది తప్పించుకునే కుక్క. ముప్పాతికలో వేగం తిరిగి వస్తుంది, ఈ వంకర తగ్గుతుంది, బిగువైన పాదం మాత్రం మిగులుతుంది. గ్రేహౌండ్ల పొడవాటి వేళ్లు గట్టి నేల మీద తొలగడం ఈ క్రాస్‌లో అందుకే తక్కువ.

గొర్రెల దగ్గర జాగ్రత్త రెట్టింపు కావాలి. ఈ క్రాస్ కరవకపోయినా చుట్టుముట్టబోతుంది. చూలు గొర్రెలను అలా పరుగెత్తిస్తే వాటి చూలు పోతుంది. ఇంగ్లండ్, వేల్స్‌లో పశువులను తరిమే కుక్క యజమాని మీద 1953 చట్టం కింద కేసు పెట్టొచ్చు, కొన్ని పరిస్థితుల్లో రైతు ఆ కుక్కను కాల్చినా 1971 చట్టం అతన్ని కాపాడుతుంది. మూడో నెల నుంచే పట్టీ మీద మంద పక్కన నడిపించి, గొర్రెలను పట్టించుకోకపోవడం అలవాటు చేయాలి.

ఈ పిల్లలను తీసేవాళ్లు ఎలా తీస్తున్నారో అడిగి తెలుసుకోండి, సరుకు నాణ్యత అక్కడే తెలుస్తుంది. మొదటి క్రాస్‌కు తల్లి గ్రేహౌండ్, తండ్రి కెల్పీ కావడం మంచిది. పెద్ద తల్లికి ఈనడం తేలిక. చిక్కల్లా ఎత్తు తేడాతోనే. మగకుక్క నిలబడటానికి 15–20 సెంటీమీటర్ల జారని తిన్నె వేయాలి. ముడి పడ్డాక 5 నుంచి 30 నిమిషాలు పడుతుంది, ఆ లోపు విడదీయబోతే ఇద్దరికీ దెబ్బే. గ్రేహౌండ్ ఆడవి ఎదకు ఆలస్యంగా వస్తాయి, ఎదకు ఎదకు మధ్య ఎడం కూడా ఎక్కువ. కాబట్టి పదకొండో రోజు, పదమూడో రోజు అంటూ క్యాలెండర్ లెక్కన కట్టిస్తే ఎక్కువగా చూలు నిలవదు. ఆరో ఏడో రోజు నుంచి రెండు రోజులకోసారి ప్రొజెస్టెరాన్ హార్మోన్ రక్తపరీక్ష చేయించాలి. మిల్లీలీటరుకు 5 నానోగ్రాములు, అంటే బ్రిటన్ ల్యాబ్ చీటీలో లీటరుకు దాదాపు 16 నానోమోల్, దగ్గర అండాలు విడుదలవుతాయి. ఆ తర్వాత రెండో రోజు కట్టించి, 48 గంటలకు మరోసారి కట్టిస్తే చాలు. అండాలు విడుదలైన రోజు నుంచి 63వ రోజుకు ఒకటి రెండు రోజులు అటూ ఇటూగా ఈనుతుంది. కట్టించే ముందు రెండింటికీ బ్రూసెల్లా కానిస్ (చూలు పోగొట్టే అంటు బ్యాక్టీరియా) పరీక్ష తప్పనిసరిగా చేయించాలి.

చూలుతో ఉన్నప్పుడు కాల్షియం పొడులు తినిపించడం పాత దురలవాటు. శరీరం తన ఎముకల్లోంచి కాల్షియం తీసుకోవడం మందగించి, పాలిచ్చే వేళ తల్లికి వణుకు, ఫిట్స్ వస్తాయి. గుద ఉష్ణోగ్రత 37 డిగ్రీల కిందికి పడితే 24 గంటల్లో నొప్పులు మొదలవుతాయి. గట్టిగా ముక్కుతూ అరగంటకూ పిల్ల రాకపోతే డాక్టరుకు ఫోన్ చేయాల్సిందే. ఆపరేషన్ అవసరమైతే తల్లి గ్రేహౌండ్ అని ముందే చెప్పండి: థయోపెంటాల్ మత్తు నుంచి ఇవి తేరుకోవడం బాగా ఆలస్యమవుతుంది, కోత తర్వాత ఒకటి రెండు రోజులకు కూడా రక్తం కారే గుణముంది. వీటి రక్తంలో ఎర్రకణాల శాతం 50–65 ఉండటం మామూలే, దాన్ని ఒంట్లో నీరు తగ్గిందని పొరబడే డాక్టర్లూ ఉంటారు. పిల్లల పెట్టెలో మొదటి వారం 29–32 డిగ్రీల వేడి ఉండాలి. రోజూ తూకం వేయాలి, పది రోజుల్లోపు పుట్టిన బరువుకు రెట్టింపు కావాలి. నట్టల మందు 2, 4, 6, 8 వారాలకు వేయాలి. ఈ తూకాల కాగితం చూపించమని అడిగితే నీళ్లు నమిలే అమ్మకందారు దగ్గర ఆగకండి.

ఆరోగ్య పరీక్షల్లో అడగాల్సినవి మూడు. కెల్పీకి తుంటి స్కోరు: మొత్తం 106కు లెక్కిస్తారు, అంకె తగ్గేకొద్దీ మంచిది. కెల్పీల్లో కనిపించే సెరెబెల్లార్ అబయోట్రఫీ, అంటే నడక తూలిపోయే మెదడు జబ్బు: ఇది తల్లీతండ్రీ ఇద్దరి నుంచీ దిగితేనే పైకి వస్తుంది కాబట్టి గ్రేహౌండ్‌కు కట్టించినంత కాలం భయం లేదు, రెండు కెల్పీ క్రాస్‌లను ఒకదానికొకటి కట్టిస్తే ఉంది. తల్లి శుద్ధ గ్రేహౌండ్ కాక లర్చరే అయితే అందులో కోలీ రక్తం ఉండొచ్చు, అప్పుడు ఎండీఆర్1 పరీక్ష చేయించాలి. ఆ జన్యులోపం ఉన్న కుక్కకు ఐవర్‌మెక్టిన్ అనే పురుగుల మందు ఎక్కువ మోతాదైతే ప్రాణం మీదికొస్తుంది. నీలి బూడిద రంగు పిల్లకు ‘అరుదైన రంగు’ అని ధర పెంచితే నవ్వి ఊరుకోండి. ఆ రంగు జన్యువు రెండు జాతుల్లోనూ ఉంది, పైగా అలాంటి పిల్లల్లో కొన్నింటికి పెద్దయ్యాక బొచ్చు రాలిపోతుంది.

ఇంగ్లండ్, వేల్స్‌లో 2005 ఫిబ్రవరి 18 నుంచి అమల్లో ఉన్న హంటింగ్ యాక్ట్ ప్రకారం భూమి యజమాని అనుమతితో బొరియ కుందేళ్లనూ ఎలుకలనూ కుక్కతో పట్టొచ్చు. హేర్ (బొరియల్లో ఉండని పెద్ద కుందేలు), జింక, నక్క వెంట కుక్కను తోలడం నేరం. స్కాట్లాండ్‌కు 2023 చట్టం వేరు. ఇంగ్లండ్‌లో ఎనిమిది వారాలు నిండకుండా పిల్లను అమ్మకూడదు, మైక్రోచిప్ ఉండాలి. పిల్లను తల్లి పక్కనే చూపించాలి. ఈ కుక్కను ఇండియాకు తీసుకెళ్లి మన ఊరి చేలల్లో కుందేళ్ల మీదికి వదలాలని ఎవరైనా అనుకుంటే, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అక్కడ అది నేరం.

పిల్లను ఎంచేటప్పుడు ఈతలో అతి హుషారైనదాని వైపు చేయి చాచకండి. నేల మీద కుందేలు చర్మం లాగితే అరవకుండా వెంటపడి, నోట పట్టుకుని మనిషి దగ్గరికే తెచ్చేదాన్ని చూడండి. పన్నెండు నెలలు నిండేదాకా గట్టి పరుగులు వద్దు, ఎముకల చివర్లు ఇంకా మూసుకుని ఉండవు. తల్లి పనిచేస్తుండగా చూపించి, తండ్రి గురించి ‘ఆస్ట్రేలియా వంశం’ అన్న ఒక్క ముక్కతో సరిపెట్టే అమ్మకందారులు తగలొచ్చు. తండ్రి బయట మందను చేరుస్తున్న వీడియో, దొడ్డిలో పనిచేస్తున్న వీడియో రెండూ అడగండి. శబ్దం తీసేసిన వీడియో పంపితే ఆ డబ్బుతో మంచి కోలీ–గ్రేహౌండ్ పిల్లను తెచ్చుకోండి.